ఇరుక్కుపోయిన నాలుగు పాటలు

"మళ్ళీ జలుబు చేసిందా నీకు?" అంది గున్‌బోర్, ఖాళీ కప్పు ముందుకు జరుపుతూ.

ఇంగేలా అత్తగారి కప్పులో కాఫీ పోసింది. "లేదత్తయ్యా, బాగానే ఉన్నాను."

"మరి ఆ గొంతేమిటి? ఇసుక నమిలినట్టు."

"తన గొంతే అంతమ్మా," అన్నాడు హోకన్, దాల్చినచెక్క రొట్టె రెండోది అందుకుంటూ. "పెళ్ళినాటి నుంచీ వింటూనే ఉన్నావు, ఇంకా అలవాటు కాలేదా?"

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. ఇద్దరివీ తేటగా మోగే నవ్వులే, చర్చిలో గంట కొట్టినట్టు. ఇంగేలా కూడా నవ్వింది. నవ్వినప్పుడు గొంతులో నిప్పురవ్వ కదిలినట్టయింది. ఆమెకి జలుబూ లేదు, దగ్గూ లేదు. నిన్న మధ్యాహ్నం తాముండే భవనం నేలమాళిగలో, అందరూ వంతులవారీగా వాడుకునే బట్టల గదిలో, ఆరబెట్టే మిషన్లు రెండూ ఆన్ చేసి, తలుపు గడియ పెట్టుకుని, ఎలుగుబంటిలా అరిచి వచ్చింది. ఒకసారి కాదు, దుప్పట్లు ఆరేదాకా.

గొంతు గురించిన మాటలు ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు బళ్ళో, డిసెంబరు పండగకి తెల్ల గౌన్లు వేసుకుని పాడుతూ నడిచే పిల్లల్లో, టీచరు ఆమెని అందరికన్నా వెనక నిలబెట్టి, "నువ్వు కొవ్వొత్తి పట్టుకో చాలు తల్లీ" అంది. పెళ్ళైన కొత్తలో చర్చి పాటల బృందంలో చేరింది. అది అత్తవారి కుటుంబానికి ఊపిరిలాంటిది. గున్‌బోర్ మొదటి వరసలో పాడేది, క్రిస్మస్‌కి ఒంటరిగా పాడే పాట హోకన్‌దే. మూడో వారమో నాలుగో వారమో గున్‌బోర్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, నిజంగా ప్రేమతోనే, "నువ్వు పెదాలు కదుపమ్మా. వరస నిండుగా కనబడితే చాలు" అంది. ఆ ఏడాదే ఇంగేలా బృందం మానేసింది. సాధన జరిగే గురువారాలు మాత్రం ఆమెని మానలేదు. హోకన్ బడి నుంచి నేరుగా సాధనకి వెళ్తాడు కాబట్టి అత్తగారిని కార్లో దింపడం, అయ్యేదాకా చర్చి బయట వానలో కారులోనే కూర్చోవడం, తిరిగి తీసుకెళ్ళి ఇంట్లో దింపడం ఆమె పనయింది. ఎవరూ ఆ పని చెయ్యమని అడిగిన గుర్తు లేదు. ఎవరూ అడగని పనులే ఈ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నడుస్తాయి.

హోకన్ చెడ్డవాడని ఎవరంటారు? హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాడు. ఈ దేశంలో తండ్రులు పిల్లల కోసం సెలవు తీసుకోవడం ఎలా మొదలైందో ఏటా ఒక పాఠం చెప్తాడు. కూతురు తూవా పుట్టినప్పుడు తనూ ఆరు నెలలు సెలవు పెట్టాడు. ఆ ఆరు నెలల గురించి పంతొమ్మిదేళ్ళుగా చెప్తూనే ఉన్నాడు. గిన్నెలు కడగమంటే కడుగుతాడు, చెత్త పట్టుకెళ్ళమంటే పట్టుకెళ్తాడు. చెప్పాలంతే. పాలు అయిపోయాయని, తూవాకి చలికాలం బూట్లు బిగుతయ్యాయని, వాళ్ళమ్మ పుట్టినరోజు వచ్చేవారమని, ఆయన చొక్కా బొత్తాం ఊడిందని ఎవరో ఒకరు తలలో మోస్తూ తిరగాలి, సమయానికి నోరు విప్పాలి. విప్పకపోతే, ఆమె ఎప్పుడైనా అలిసి గిన్నె ఠంగుమని పెడితే, ఆయన కళ్ళు పెద్దవి చేసి నిజంగా బాధపడతాడు: "అదేంటి ఇంగేలా, చెప్తే చేసేవాణ్ణిగా!"

ఆగస్టులో తూవా చదువుకోసం ఉత్తరాన ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తను నడిపే పాత కారు తల్లికి వదిలేసింది. ఇంగేలా ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి, మందులిచ్చి, భోజనం వేడిచేసి పెట్టే పని చేస్తుంది. గోథెన్‌బర్గ్ ఈ చివర నుంచి ఆ చివరకి, నది దాటి, ఓడరేవు క్రేన్ల పక్కనుంచి రోజంతా తిరుగుడే. కారు ఆమెకి వరమే. కాకపోతే కారులోని పాటల పెట్టె తూవా డిస్కు ఒకదాన్ని మింగేసింది. మీట నొక్కితే బయటికి రాదు, రేడియో పట్టదు. తాళం తిప్పితే చాలు, పాతాళం నుంచి ఎవరో బొబ్బ పెట్టినట్టు అదే మొదలవుతుంది. మొదటి రోజు ఇంగేలా అదిరిపడి బ్రేకు తొక్కింది. ఆ తర్వాత కారెక్కగానే ముందు శబ్దం పూర్తిగా తగ్గించేసేది. అయినా సన్నగా, గోడ అవతల ఎవరో కొట్టుకుంటున్నట్టు వినబడుతూనే ఉండేది.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు ఆఫీసులో పైఅధికారి పిలిచింది. ఇంగేలా కంటే బాగా చిన్నది, మాట తేనె.

"ఒక కుటుంబం ఫోన్ చేసింది. నీ పని గురించి కాదు సుమా, పని అద్భుతం. నీ గొంతు కొంచెం... గరుకుగా ఉందట. వాళ్ళమ్మగారు నువ్వు కోప్పడుతున్నావనుకుంటోందట. కాస్త మెత్తగా మాట్లాడటానికి చూస్తావా?"

"ఆవిడకి చెవుడు. గట్టిగా చెప్పకపోతే మాత్ర వేసుకోదు."

"తెలుసు తెలుసు. కాస్త నవ్వుతూ చెప్పి చూడు."

ఆ రోజు ఇంగేలా ప్రతి ఇంట్లోనూ సన్నటి గొంతు పెట్టుకుని మాట్లాడింది. పిల్లిపిల్లలా. సాయంత్రానికి గొంతు నరాలు తీగల్లా బిగుసుకుని నొప్పెట్టాయి. కారెక్కి తాళం తిప్పింది, శబ్దం తగ్గించడం మర్చిపోయింది. వాన పడుతోంది. వంతెన మీద బళ్ళు కదలడం లేదు. ఆ బొబ్బ కారు నిండా కమ్ముకుంది. ఆమె చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ ఆమెకి వినబడింది అరుపే. దాని కింద పాట ఉందని ఆ వంతెన మీదే తెలిసింది. రెండు గిటార్లు. ఒకటి ఎత్తుకున్న వరసని రెండోది కాస్త పైనుంచి అందుకుని, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే మాటని ఒకరి వెంట ఒకరు అంటున్నట్టు, కలిసి పైకెక్కుతున్నాయి. ఆ వరస ఎక్కడో విన్నట్టుంది. పల్లెల్లో ముసలివాళ్ళు వేసవిలో ఫిడేలు మీద వాయించే పాతపాటలాంటి దిగులు. ఇంత దిగులుని ఇంత వేగంగా ఎవరైనా పరిగెత్తిస్తారా? కింద డోలు పిచ్చెత్తిన గుర్రంలా దౌడు తీస్తుంటే, పైన ఆ రెండు గిటార్లు ఏడుస్తూ నవ్వుతున్నాయి. వాటి మధ్యలోంచి ఆ గాండ్రింపు. అది కోపమని ఆమె అనుకుంది. కాసేపు విన్నాక కోపం కాదేమో అనిపించింది. కోప్పడేవాళ్ళు ఎదుటివాడు వింటున్నాడో లేదో చూసుకుంటారు. ఈ గొంతు ఎవరినీ చూడటం లేదు. ఎవరికీ నచ్చాలనుకోవడం లేదు. తియ్యగా ఉండాల్సిన పని గిటార్లకి వదిలేసి, తను మాత్రం ఉన్నది ఉన్నట్టు బయటపడుతోంది.

ఆ తర్వాత ఇంగేలా శబ్దం తగ్గించలేదు. ఉన్నవి నాలుగే పాటలు. ఒక ముసలాయన ఇంటి నుంచి ఇంకో ముసలావిడ ఇంటికి వెళ్ళేలోపు అయిపోయేవి. ఆమెకి నచ్చింది అదే. హోకన్ ఇంట్లో పెట్టే సంగీతం ఒక పూటంతా సాగుతుంది, కాళ్ళు చాపుకుని కూర్చుని వినాలి. కూర్చుందామనుకునేలోపు పొయ్యి మీద కూర మాడుతుంది, అత్తగారు ఫోన్ చేస్తుంది. ఆమె జీవితంలో ఎవరూ పిలవని ఖాళీ అంటూ ఉంటే అది ఈ పాటలున్నంతసేపే. ఈ పాటలకి ఆ సంగతి తెలుసు. పరిచయాలు చెయ్యవు, మర్యాదలు చెయ్యవు, నేరుగా వచ్చి మెడ పట్టుకుంటాయి. నాలుగోది ఉన్నట్టుండి, మాట మధ్యలో తలుపు వేసినట్టు ఆగిపోతుంది. ఆగినచోట ఒక ఆకలి మిగిలిపోయేది. మళ్ళీ మొదటి నుంచి. అన్నం వడ్డిస్తున్నా కాలి మడమ నేల మీద డోలు కొడుతూ ఉండేది. "కాలు ఊపకు, బల్ల కదులుతోంది" అనేవాడు హోకన్.

అక్టోబరులో తూవా ఫోన్ చేసినప్పుడు అడిగింది. "ఆ డిస్కులో అరిచేది ఎవరే? ఎంత లావుంటాడు ఆ మనిషి?"

"అమ్మా, నువ్వు అది వింటున్నావా? ఒట్టు?"

"వినక చస్తానా, బయటికి రాదుగా."

"నచ్చిందా?"

"అడిగినదానికి చెప్పు."

తూవా పగలబడి నవ్వింది. "అతను కాదమ్మా, ఆమె! నీ అంతే ఉంటుంది. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. మెలోడిక్ డెత్ మెటల్ అంటారు దాన్ని. అది మన ఊళ్ళో పుట్టిన సంగీతమే, నీకు తెలీదు గానీ."

"నాలుగే చేశారేం?"

"వాళ్ళకి చెప్పాల్సింది అంతే ఉందేమో. డిస్కులు కొన్నే అచ్చు వేశారు, అన్నీ అమ్ముడైపోయాయి. నా డిస్కుని జాగ్రత్తగా చూసుకో!"

ఫోన్ పెట్టేశాక ఇంగేలా వంటింట్లో నిలబడే ఉండిపోయింది. ఇన్ని వారాలుగా ఎవరో మగాడు తన తరఫున అరుస్తున్నాడనుకుంది. తనంత మనిషి. పళ్ళ డాక్టరు దగ్గర, "కాస్త నోరు తెరవండి" అని మెత్తగా చెప్పే ఆడమనిషి. ఇంగేలాకి ఇంట్లో ఊపిరాడలేదు. అటూ ఇటూ తిరిగింది. ఉతకాల్సిన అవసరం లేని తెరలు కూడా తీసి బుట్టలో వేసుకుని నేలమాళిగకి దిగింది. ఆరోజే మొదటిసారి అరిచింది.

గున్‌బోర్ జలుబు గురించి అడిగిన మరుసటి వారం, బట్టల గది గడియ సరిగ్గా పడలేదు. ఇంగేలా కళ్ళు మూసుకుని మూడో పాట చివరి అరుపు అరుస్తుంటే, వెనక ఎవరో దగ్గారు. మూడో అంతస్తులో ఉండే ఆయ్నో. ఫిన్లాండ్ నుంచి వయసులో ఉండగా ఓడల కార్ఖానాలో పనికి వచ్చి, ఇక్కడే ముసలిదైపోయిన మనిషి. చేతిలో దిండుగలీబులు.

ఇంగేలా గిరుక్కున తిరిగింది. "క్షమించండి, నేను..."

"రెండో అంతస్తువాళ్ళు ఇక్కడెవరో కుక్కని దాచారంటున్నారు," అంది ఆయ్నో. "కుక్క ఇంత బాగా అరవదని చెప్పాను." దిండుగలీబులు మిషన్లో కుక్కుతూ, వెనక్కి చూడకుండానే, "మా ఆయన నలభై ఏళ్ళు ఇట్లాగే గురక పెట్టాడు. ఒక్కరూ వచ్చి తలుపు కొట్టలేదు" అంది.

ఇంగేలాకి నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే గొంతు మండి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అట్లా అరిస్తే గొంతు చెడుతుందమ్మాయ్. పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పే సంఘం లేదూ, అల్లికలూ భాషలూ నేర్పేది? అక్కడ ఈ అరుపు కూడా నేర్పుతున్నారట. మా చెల్లెలి మనవరాలు వెళ్తోంది. గురువారం సాయంత్రాలు."

"గురువారాలు నాకు కుదరదు," అంది ఇంగేలా వెంటనే. అంత వెంటనే అన్నందుకు తనకే చిరాకేసింది.

ఆ శనివారం హోకన్ మధ్యాహ్నం ఆమె కారు తీసుకుని ఎక్కడికో వెళ్ళి, చీకటి పడ్డాక ఈలవేస్తూ వచ్చాడు. తాళాలు ఆమె చేతిలో పెట్టి, "వెళ్ళి చూసిరా" అన్నాడు.

"ఏం చూడాలి?"

"ఆ పాటల పెట్టె! పాపం, ఎన్నాళ్ళుగా భరిస్తున్నావు ఆ గోల. కొత్తది పెట్టించాను. రేడియో చక్కగా పట్టుకుంటోంది, దారంతా నేనే విన్నాను." ఆయన మొహం పిల్లాడి మొహంలా వెలుగుతోంది. "నువ్వు ఒక్క మాట అనలేదు. నా అంతట నేనే చేశాను, చూశావా?"

"డిస్కు ఏది?"

"ఏ డిస్కు?"

"లోపలున్నది."

"ఓ, అదా! పగలగొడితే గానీ రాలేదట. చెత్తబుట్టలో పడేశాడు మెకానిక్కు. తూవా అడిగితే ఇంకోటి కొనిపెడదాంలే."

ఇంగేలా తాళాలు పట్టుకుని నిలబడింది. ఇరవై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో ఈ మనిషి చెప్పకుండా, అడగకుండా, తనంతట తాను ఆమె కోసం చేసిన పని ఏదైనా ఉందా అని వెతుక్కుంది. ఉంది. ఇదొక్కటే ఉంది. చెప్పనివి ఎన్ని ఉన్నాయి ఆయన కళ్ళముందు, కడగని కిటికీలు, ఆమె చీలమండ వాపు, ప్రతి గురువారం చర్చి బయట అద్దాలు మసకబారిన కారు. అన్నిటినీ దాటుకుని ఆయన చెయ్యి సరిగ్గా వెళ్ళి దానిమీదే పడింది. పైగా ఇది ప్రేమ. దీనిమీద కోప్పడితే ఆమే రాక్షసి.

"థాంక్స్ చెప్పవా?" అన్నాడు హోకన్.

"థాంక్స్," అంది. ఆఫీసులో చెప్పినందుకు తెచ్చిపెట్టుకున్న ఆ సన్నటి, పిల్లిపిల్ల గొంతు, పిలవకుండానే దానంతటదే వచ్చింది. తన ఇంట్లో, తన వంటింట్లో.

ఆదివారమంతా ఆమె ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. డిస్కు సంగతి విని తూవా ఆ పాటలు కంప్యూటర్‌కి పంపిస్తానంది. "పంపు" అంది గానీ, వాటి కోసం కాదు తన తహతహ అని ఆమెకి తెలుసు. కారెక్కి కూర్చుంటే కొత్త పెట్టె నీలంగా వెలిగి, ఏదో బృందగానం తియ్యగా మొదలైంది. ఆపేసింది. సోమవారం రెండు ఇళ్ళ మధ్య, ఓడరేవు పక్కన కారు ఆపి, ఆయ్నో చెప్పిన సంఘానికి ఫోన్ చేసి పేరిచ్చింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర, "రేపు అత్తయ్యని నువ్వు తీసుకెళ్ళు" అంది.

"రేపు గురువారం. నేను బడి నుంచే వెళ్తాను కదా."

"తెలుసు."

"నీకేం పనుంది?"

"క్లాసు. అరవడం నేర్పుతారు. ఆ డిస్కులో అరిచినట్టు."

హోకన్ ఫోర్కు గాల్లోనే ఆపి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక నవ్వేశాడు. "దానికో క్లాసా! మా తొమ్మిదో తరగతికి రా, ఊరికే నేర్పుతారు." ఆమె నవ్వకపోవడం చూసి, "మరి అమ్మకేం చెప్పను?" అన్నాడు.

అమ్మకి ఇంగేలాయే ఫోన్ చేసింది. గున్‌బోర్ అంతా విని, "ఏదో క్లాసా, మంచిదే. నేను ట్రాములో పోతాను" అంది.

"ట్రాములోనా? ఈ వానలో?"

"మా ఇంటి ముందే ఎక్కితే చర్చి ముందే దిగొచ్చుగా."

"మరి ఇన్నేళ్ళూ..."

"నువ్వు వచ్చేదానివి కదమ్మా," అంది గున్‌బోర్, ఆశ్చర్యంగా. "నీకు కాలక్షేపం అనుకున్నాను."

ఇంగేలా ఫోన్ పెట్టేసింది.

క్లాసు ఒక పాత భవనం అడుగున, గోడలకి తివాచీలు కొట్టిన గదిలో. గడ్డాల కుర్రాళ్ళు నలుగురైదుగురు, ముక్కుకి పోగున్న ఒక అమ్మాయి, ఇంగేలా. నేర్పే మనిషి పేరు సిగ్రిడ్. కళ్ళద్దాలు, ఉన్ని స్వెటరు, లైబ్రరీలో పుస్తకాలిచ్చే మనిషిలా ఉంది. అరవమంటుందేమో అనుకుంటే, అందరినీ నేలమీద వెల్లకిలా పడుకోమంది.

"పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. చెయ్యి పైకి లేవాలి. భుజాలు కదలకూడదు. గొంతుతో అరిస్తే వారానికే గొంతు పోతుంది. ఇది కింద నుంచి వచ్చే పని. నొప్పి పుట్టిందంటే తప్పు చేస్తున్నట్టే."

తివాచీ దుమ్ము వాసన. పక్కన కుర్రాళ్ళ పొట్టలు హాయిగా ఎగసిపడుతున్నాయి. సిగ్రిడ్ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి ఇంగేలా పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.

"మీరు పైపైన పీలుస్తున్నారు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, వాళ్ళు లేస్తారేమోనని భయపడుతున్నట్టు. ఇక్కడెవరూ నిద్రపోవడం లేదు."

ఇంగేలా మళ్ళీ పీల్చింది. చెయ్యి లేవలేదు. మళ్ళీ. పక్కటెముకల కింద ఎప్పుడో మడతపెట్టి పెట్టిందేదో విడిపోతున్నట్టు నొప్పిగా, భయంగా ఉంది. ఎన్నోసారో చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని చూస్తే ఏడుపొచ్చింది. చాలాసేపయ్యాక నిలబడి, సిగ్రిడ్ చెప్పినట్టు దవడ వదిలేసి, లోపలి గాలిని దాని దారిన పోనిచ్చింది. వచ్చిన శబ్దం పెద్దదేం కాదు. తలుపు కిర్రుమన్నంత. కానీ ఎక్కడా మండలేదు. రోజంతా మెత్తగా మాట్లాడి నొప్పెట్టే ఆ గొంతు, ఇప్పుడు నొప్పెట్టలేదు.

"ఆఁ," అంది సిగ్రిడ్. "మళ్ళీ."

ఇంటికి వచ్చేసరికి హోకన్ సాధన నుంచి వచ్చి, ఫ్రిజ్‌లో ఉన్నదేదో వేడిచేసుకుని తింటున్నాడు. ఆమెకీ ఒక పళ్ళెం పెట్టాడు. ఆమె కోటు విప్పకుండానే కూర్చుంది.

"ఏం నేర్పారేంటి?"

"ఊపిరి తీసుకోవడం."

ఆయన నవ్వాడు. "అది పుట్టగానే వస్తుంది కదా ఎవరికైనా."

"నాకూ వచ్చింది," అంది ఇంగేలా. గొంతు బరువుగా, గరుకుగా, తనదిగా ఉంది. దాన్ని సన్నం చేద్దామన్న ఆలోచన రాలేదు. "ఈ ఇంట్లోకి వచ్చాక పోయింది."

హోకన్ నవ్వు ఎటూ వెళ్ళలేక మొహం మీదే ఉండిపోయింది. ఆయన తన తప్పేమిటో అడుగుతాడేమో, లేదా అలుగుతాడేమో అని ఆమె ఎదురుచూడలేదు. ఆకలిగా ఉంది. పళ్ళెంలోది సగం తిన్నాక అంది:

"తూవా గది నాక్కావాలి. అందులో పెట్టిన నీ పాటల కాగితాల స్టాండ్లూ అవీ రేపు తీసెయ్."

"తీసేస్తాలే," అన్నాడు హోకన్ మెల్లగా. "ఎందుకు, పాడుకోవడానికా?"

"ముందు తలుపు వేసుకోవడానికి," అంది ఇంగేలా. "తర్వాతది తర్వాత చూస్తాను."